కొంగల హాజరు

"ప్రజలకు విజ్ఞానము కలుగజేయుటకై తాలూకా మ్యూజియమును, పక్షులకు అభయమిచ్చుటకై కొంగలలంకలో సంరక్షణ ప్రదేశమును ఇందుమూలముగా స్థాపించడమైనది" అని తహసీల్దారు పార్థసారథిగారు టముకు వేయించిన పూట, ఆ లంకలో ముప్ఫై గుడిసెల పల్లెవాళ్లు వలలు దులుపుకుంటున్నారు. మూడో రోజుకి గుడిసెలు లేవు. పక్షులకు మనుషులంటే భయమని పార్థసారథిగారు ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివారు. చదివినదాన్ని వెంటనే అమలులో పెట్టే అధికారులు ఏ జిల్లాకైనా అరుదు.

ఆ పల్లెవాళ్లలో ఒకడైన సత్తియ్య, అందరితోపాటు తన గుడిసె విప్పి కొవ్వూరు వైపు ఇసుకమేట మీద వేసుకున్నాడు. గుడిసె గురించి అతనికి బెంగ లేదు. పులస పడేది లంకరేవులో. గోదారికి వరద ఎర్రనీళ్లు వచ్చేలోగా ఆ రేవు తిరిగి దక్కకపోతే ఇంటిల్లిపాదికీ ఏడాదంతా గంజే.

నెల్లాళ్లు చూసి, రేవు ఇప్పించమని పిటిషన్ రాయించుకుని మ్యూజియానికి వెళ్లాడు. ఊళ్లోవాళ్లు దాన్ని చచ్చిన కచేరీ అంటారు. గడ్డి కూరిన నక్కనీ, రెండు తలల దూడనీ, ముక్కు విరిగిన రాతిబొమ్మనీ దాటేసరికి, అద్దాల బీరువాలో తెలిసిన వస్తువు కనిపించింది.

"బాబూ, ఇయ్యి మా లోవమ్మ కాల్చిన మట్టిగుళ్లండి. వల మునగటానికి కడతామండి. పోయినేడు చేసిందండి."

పార్థసారథిగారు జాలిగా నవ్వారు. "కింద లేబుల్ చదువు."

"నాకు చదువు రాదండి."

"అదీ సంగతి. బౌద్ధ సన్యాసుల జపమాల అది. లంక తవ్వకంలో దొరికింది. రెండువేల ఏళ్లనాటిదని మద్రాసుకి రిపోర్టు కూడా వెళ్లిపోయింది. మీ ఆవిడ చేసిందంటే, ఆవిడకి రెండువేల ఏళ్లుండాలి."

సత్తియ్య లోవమ్మ వయసు గురించి కాసేపు ఆలోచించాడు.

ఇంతలో బంట్రోతు చిట్టియ్య రొప్పుతూ వచ్చాడు. "అయ్యా, లంకలో కొంగల్లేవండి!"

"ఒక్కటీ లేదూ?"

"ఒక్కటంటే ఒక్కటి లేదండి. అన్నీ అవతల ఇసుకమేట మీద, వీళ్ల గుడిసెల చుట్టూ తిరుగుతున్నాయండి."

వచ్చే గురువారం పెద్దదొరగారు మ్యూజియాన్నీ లంకనీ చూడ్డానికి వస్తున్నారు. పార్థసారథిగారి ముఖం రాతిబొమ్మ ముఖంలా అయింది. "ఆర్డరు లేకుండా ఎలా వెళ్లాయిరా?"

"మేం దులిపి పారేసే చిల్లరచేప కోసం వస్తాయండి. మేమెక్కడుంటే అయ్యీ అక్కడేనండి" అన్నాడు సత్తియ్య.

ఈ సంగతి పుస్తకంలో లేదు కనుక పార్థసారథిగారు నమ్మలేదు. న్యాయంగా కొంగలకు మూడురోజులు గడువిచ్చారు. నాలుగోరోజు సత్తియ్యకే కబురు పెట్టారు.

"గురువారం పొద్దున్నే లంకలో కొంగలు హాజరు కావాలి. నువ్వు మాత్రం కనపడకూడదు. చేశావా, రేవు నీది. నా మాట."

సత్తియ్య ఇంటికొచ్చి ఆనందంగా చెప్పాడు. లోవమ్మ గుళ్లు పిసుకుతూ తలెత్తలేదు.

"కాయితం రాయించుకున్నావా?"

"తాసిల్దారుగారి మాటే, కాయితమెందుకు?"

"నా గుళ్లని జపమాలన్నదీ ఆయన మాటేగా."

గురువారం సత్తియ్య రెండు బుట్టల చేప లంకలో చల్లి, రెల్లులో బోర్లా పడుకున్నాడు. కొంగలు తెల్లగా దిగాయి. దొరగారి స్టీమరు వచ్చింది. మనుషులు పోయిన నెల్లాళ్లకే ఇన్ని పక్షులా అని దొరగారు ముచ్చటపడ్డారు. పార్థసారథిగారు వినయంగా తల వంచుకున్నారు. ఆ ముచ్చటలోనే దొరగారు తుపాకీ తీసి, రెండింటిని కొట్టి, మ్యూజియానికి బహూకరించారు.

అవి నీళ్లలో పడ్డాయి.

"సత్తిగా!" అన్నారు పార్థసారథిగారు.

రెల్లులోంచి లేచిన మనిషిని చూసి దొరగారు అదిరిపడి, ఎవరితనని అడిగారు.

"సంరక్షణ సిబ్బంది, సర్."

సత్తియ్య ఈదుకుంటూ వెళ్లి రెండు కొంగలనీ తెచ్చి ఇచ్చాడు.

వారం ఆగి, వల భుజాన వేసుకునే మ్యూజియానికి వెళ్లాడు, ఆయన సరేననగానే రేవులో దిగుదామని. బీరువాలో రెండు కొంగలూ గాజుకళ్లతో నిలబడి ఉన్నాయి.

"నీ ఉపకారం మరిచిపోలేదురా" అన్నారు పార్థసారథిగారు. "కానీ మనుషులు పోతేనే పక్షులు వస్తాయని దొరగారు కళ్లారా చూసి రాశారు. ఇప్పుడు నిన్ను రానిస్తే దొరగారు అబద్ధం రాసినట్టు కాదూ? ఇదిగో, ఇసుకమేట కూడా ఖాళీ చెయ్యమని నోటీసు. ఆయన సిఫారసే."

సత్తియ్య కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు.

"దిగులు పడకు. వచ్చే నెల గవర్నరుగారు వస్తున్నారు. రెండు బుట్టలు చాలవు, నాలుగు పట్టుకురా."

"వల ఎక్కడెయ్యమంటారండి బాబూ?"

పార్థసారథిగారికి ఆ మాట వినపడలేదు. ఆయన కొంగల పక్కన ఖాళీగా ఉన్న అద్దాలపెట్టె వైపు చూస్తున్నారు.

"చిట్టియ్యా, వీడి భుజం మీది వల దింపు. ఈ పెట్టెలో పట్టుతుందేమో చూడు."