లేత్ మీద నిమ్మకాయ

ఆ రోజు ఉదయం సుంకన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు సబ్సిడీ అధికారి వస్తాడు, టీవీలో గీతలు చూస్తాడు, కాఫీ తాగుతాడు, సంతకం పెట్టి వెళ్తాడు. అందుకోసం సుంకన్న తొమ్మిదికే తలస్నానం చేసి, పెళ్లిళ్లకని దాచుకున్న తెల్ల చొక్కా తొడుక్కొని, పీణ్య పారిశ్రామికవాడలోని తన షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నూనె మరక అంటుతుందని దేన్నీ ముట్టుకోవడం లేదు.

షెడ్డులో ఉన్నది ఇనుము తిప్పి చెక్కే ఒక పాత లేత్, పన్నెండేళ్లుగా దాన్ని నడుపుతున్న నాగేంద్ర. వెనక గదిలో సుంకన్న భార్య హనుమక్క ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల మెస్సులకు పంపే పెద్ద గ్రైండరు. లేత్‌కు పని ఇచ్చే పంపుల కంపెనీ ఈమధ్య ఒక మెలిక పెట్టింది. యంత్రం ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు ఆగిందో, ఎక్కడ తేడా వచ్చిందో తెర మీద చూపించే షెడ్లకే ఇకమీదట ఆర్డర్లట. ఆ సరంజామాకు చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం సాయం చేస్తుందని తెలిసి సుంకన్న దరఖాస్తు పెట్టాడు. నెల రోజులు నమూనాగా వాడి చూపించాలి. అధికారికి నచ్చితే సాయం. నచ్చకపోతే ఆర్డర్లు లేవు, లేత్ లేదు, నాగేంద్రకు జీతం లేదు. పైకి చెప్పుకోలేదు గానీ సుంకన్నకు నిజంగానే భయంగా ఉంది.

దరఖాస్తు మాత్రం హనుమక్క పేరు మీద వేశాడు. ఆడవాళ్ల యూనిట్లకు పెద్దపీట వేస్తారని ఎవరో చెప్పారు. సంతకం పెట్టమన్నప్పుడు ఆమె "ఏమిటికయ్యా ఇది?" అని అడిగింది. "నీకు అర్థం కాదులే, పెట్టు" అన్నాడు సుంకన్న. ఆ తర్వాత జరిగిన సమస్తమూ ఆ ఒక్క మాట వల్లే జరిగింది.

నెల కిందట సెన్సార్ల కంపెనీ ఇంజనీరు చేతన్ వచ్చి, లేత్ వెనక వైపు అదురునూ వేడినీ పసిగట్టే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి అయస్కాంతంతో అంటించాడు. దానికి ఎర్రగా మిణుకుమనే దీపం. "ఇది ఉంటే మెషిన్‌కి టెన్షన్ లేదు మేడమ్. ప్రాబ్లమ్ వచ్చే ముందే చెప్పేస్తుంది" అన్నాడు, అక్కడే నిలబడిన హనుమక్కతో. నల్లగా ఉంది, యంత్రానికి తగిలిస్తారు, కీడు రాకుండా కాస్తుంది. ఇంకేముంది, అది దిష్టికని హనుమక్కకు అర్థమైపోయింది.

ఆమె గ్రైండరు మీద అప్పటికే పక్కింటి రేణుక కన్ను పడి ఉంది. "ఎంత బాగుండాదక్కా" అని రేణుక అన్న వారంలోనే రెండు బెల్టులు తెగాయి. అందుకని తర్వాతి శుక్రవారం పూజలో హనుమక్క ఆ డబ్బాను పీకి, గ్రైండరు మోటారు పక్కన ఇనుప చట్రానికి అంటించి, పసుపూ కుంకుమా పెట్టింది. లేత్‌ను దిక్కులేనిదాన్ని చేయడానికి మనసొప్పక, ఖాళీ అయిన చోట నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు గుచ్చి కట్టింది. నాగేంద్ర చూశాడు గానీ పూజల విషయం తనకెందుకని ఊరుకున్నాడు. సుంకన్న రోజూ ఫోనులో డబ్బా పంపే ఆకుపచ్చ చుక్క చూసుకొని మురిసిపోయేవాడు. అది ఎందుకు వెలుగుతోందో అడిగిన పాపాన పోలేదు.

అధికారి మల్లికార్జున్ పదకొండున్నరకు వచ్చాడు. సరిహద్దు ఊరు పావగడ మనిషి. తెలుగు బాగా వచ్చు, నవ్వు అంతగా రాదు. చేతన్ టీవీలో నెల రోజుల గీతలు పెట్టాడు. అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు.

"దినామూ పొద్దున ఐదుకే మెషిన్ ఆన్ చేస్తారా?"

సుంకన్న లేచేదే ఏడింటికి. "కష్టపడాల కద సార్" అన్నాడు.

"ఆదివారం డబల్ ఉండాది?"

"ఆదివారం ఇంకా కష్టపడతాము సార్."

మాట అయితే అన్నాడు గానీ, చూపు నాగేంద్ర మీదికి పోయింది. తను నిద్రలో ఉండగా వీడు దొంగచాటుగా లేత్ నడిపి బయటి పనులు చేసుకుంటున్నాడన్నమాట! చెయ్యి పట్టుకొని మూలకు లాక్కుపోయాడు.

"తెల్లారకముందే ఎవని పని చేస్తాండావురా నా లేత్ మీద?"

"నేనా? హెబ్బగోడి నుంచి బస్సులు మారి మారి తొమ్మిదికి చేరేదే కష్టంగా ఉండాదన్నా!"

"అబద్ధాలు చెప్పాకు. టీవీలో ఉండాది!"

"అట్లయితే టీవీనే లేత్ తోలమను, పో!" నాగేంద్ర చేతిగుడ్డ విసిరికొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లలో అతను అలగడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే అధికారి, మెషిన్ ఒకసారి నడిపి చూపించమన్నాడు. నాగేంద్ర కదల్లేదు. గత్యంతరం లేక సుంకన్నే తెల్ల చొక్కాతో మీట నొక్కాడు. లేత్ గర్జించింది. పైరేకులు దడదడలాడాయి. అధికారి చేతిలోని కాఫీ సాసరులోకి ఒలికింది. తెర మీద గీత మాత్రం ఒళ్లు కదపకుండా పడుకునే ఉంది. 'యంత్రం ఆగి ఉన్నది' అని రాసి ఉంది పక్కన.

"ఇదేమప్పా, అదురే లేదంటాది?"

"అంత స్మూత్‌గా రన్ అవుతోంది సార్" అన్నాడు చేతన్. అధికారి తన సాసరు వైపు చూసుకున్నాడు.

"సరే, ఆపండి."

సుంకన్న ఆపాడు. వెనక గదిలో హనుమక్క మధ్యాహ్నం పిండికి నానిన పప్పు వేసి గ్రైండరు తిప్పింది. తెర మీద గీత ఎగిరి కూర్చుంది.

"ఆపినారు కదా?"

"ఆపినా సార్. కావాలంటే వైరు గూడా పీకేస్తా." పీకేశాడు. గీత ఇంకా పైకి పోయింది.

"నెట్‌వర్క్ ఇష్యూ సార్, కొంచెం లేట్‌గా చూపిస్తుంది" అన్నాడు చేతన్. అతని మాట పూర్తికాకముందే తెరంతా ఎర్రబడింది. 'బేరింగు కాలిపోతున్నది, వెంటనే ఆపండి' అంటూ సైరన్ మొదలైంది. ఆగిపోయిన లేత్‌ను ఇంకెలా ఆపాలో తెలియక సుంకన్న బకెట్ ఎత్తి నీళ్లు కుమ్మరించాడు. సగం లేత్ మీద పడ్డాయి, సగం అధికారి బూట్ల మీద. సైరన్ ఆగలేదు.

"ఆ డబ్బా యాడ అంటించినారో చూపించండి" అని అధికారి తనే లేత్ వెనక్కి వంగాడు. అక్కడ తడిసిన నిమ్మకాయ, వాడిన మిరపకాయలు వేలాడుతున్నాయి.

"ఏమప్పా ఇది?"

సుంకన్న నోరు దానంతట అదే కదిలింది.

"పాత మోడల్ సార్."

అధికారి ఫైలు మూసేశాడు. సుంకన్న బకెట్ కింద పెట్టి లెక్క వేసుకున్నాడు. ఆర్డరు పోయింది, లేత్ పోయింది, నాగేంద్ర ఎలాగూ అలిగి కూర్చున్నాడు. తెల్ల చొక్కాకు మరక కూడా అంటింది.

అప్పుడు ముంజేతుల దాకా పిండితో హనుమక్క బయటికి వచ్చింది. "ఏమి కూతయ్యా ఇది? ఆ పక్క నా గ్రైండరు కాలిన వాసన కొడతాండాది. దిష్టిడబ్బా పెట్టినా గూడా నిలబడలా!"

"ఏం డబ్బా?" అన్నారు నాగేంద్ర తప్ప ముగ్గురూ ఒక్కసారిగా.

చూపించింది. కుంకుమబొట్టుతో, మిణుకుమిణుకుమంటూ, డబ్బా గ్రైండరును అంటిపెట్టుకొని ఉంది. గ్రైండరు కట్టేశాక కాసేపటికి సైరన్ ఆగింది. సుంకన్న తల పట్టుకున్నాడు. అధికారి మూసిన ఫైలు మళ్లీ తెరిచాడు.

"యజమాని హనుమక్క అని ఉండాది ఇందులో. ఎవరు?"

"నేనే సార్."

"గీతలకు యజమానే జవాబు చెప్పాల. ఐదు గంటలకు ఏమి?"

"మొదటి వాయి సార్. మెస్సోళ్లు ఆరుకంతా వచ్చేస్తారు."

"ఆదివారం డబల్?"

"ఆ పొద్దు పిల్లోళ్లంతా రూముల్లోనే ఉంటారు కద. రెండిడ్లీ ఎక్కువ తింటారు."

"పద్నాలుగో తేదీ ఏమీ లేదే?"

"ఈయప్పతో కొట్లాడి మాయమ్మ ఇంటికి పోయినా."

అధికారి శ్రద్ధగా రాసుకున్నాడు: 'యంత్రం ఆగుటకు కారణం, నిర్వహణ లోపం.' తర్వాత వెళ్లి గ్రైండరు బేరింగు మీద వేలు పెట్టి, ఉలిక్కిపడి తీసి ఊదుకున్నాడు.

"ముప్పై ఒక్క షెడ్లు చూసినానమ్మా. అందరూ డబ్బాను దుమ్ము పడకుండా బీరువాలో పెట్టుకున్నారు. ఉన్న జబ్బును ఉన్నట్టు చెప్పింది ఇదొక్కటే."

"కానీ సార్, అది గ్రైండరు" అన్నాడు సుంకన్న. నిజం చెప్పాలన్న బుద్ధి అతనికి అప్పుడు పుట్టింది.

"సామాను తయారుచేసే యంత్రం అనుండాది రూల్లో. ఆ సామాను ఇనుమే కావాలని లేదు. షెడ్డు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. లేత్‌కు గూడా ఒక డబ్బా రాస్తాను." అధికారి తడిసిన బూట్లతోనే నిలబడి సంతకం పెట్టాడు. పోతూ పోతూ రెండు కిలోల పిండి కొనుక్కున్నాడు.

సాయం మంజూరైంది. పంపుల కంపెనీ ఆర్డరు నిలబడింది. వారం రోజుల ఇడ్లీలతో నాగేంద్ర అలక తీరింది, గ్రైండరు కొత్త బేరింగుకు కావలసిన బుష్షు అతనే లేత్ మీద చేసిచ్చాడు. ఒకరోజు హనుమక్క ఏదో కాగితం తెచ్చి సుంకన్న ముందు పెట్టి సంతకం పెట్టమంది. అందులో ఆమె పేరు పక్కన యజమాని అని, అతని పేరు పక్కన సహాయకుడు అని ఉంది.

"ఏమిటికే ఇది?" అన్నాడు సుంకన్న.

"నీకు అర్థం కాదులే, పెట్టు."

పెట్టాడు. లేత్ వెనక కొత్త డబ్బా వచ్చింది గానీ నిమ్మకాయను మాత్రం ఎవరూ తీయలేదు. పాత మోడలే అయినా, అది ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పుడు సైరన్ మోగించలేదు.