వకుళ పేరున మంజూరైన విశ్రాంతి తొట్టె

గుడ్లు పెట్టిన ఆడ గౌరామి చేపకి ఇవ్వాల్సిన పద్నాలుగు రోజుల విశ్రాంతి తొట్టె వకుళ పేరున మంజూరైంది కాబట్టి, సోమవారం పొద్దున్న వకుళ తొట్టెలోకి దిగింది, గౌరామి వంటింట్లోకి వెళ్లింది.

పొరపాటు ఆమె భర్త జోగారావుది. ఇంట్లో అక్వేరియం పెట్టి గౌరామిల చేత పిల్లలు పెట్టించడం ఆయన సరదా. మగచేప నీటి మీద నురుగుతో గూడు కడుతుంది. ఆడది గుడ్లు పెట్టడం అవగానే మగది దాన్ని తరిమి తరిమి కొడుతుంది. అందుకే ఆడదాన్ని వేరే తొట్టెలో ఉంచాలి. వార్డు మత్స్య ప్రసూతి కార్యాలయం వాళ్ల ఫారంలో 'ఆడ' అన్న గడి కనబడగానే, రేషన్ కార్డు నుంచి గ్యాస్ బుక్కు దాకా పాతికేళ్లుగా చేస్తున్నట్టే, ఆయన భార్య పేరు రాసేశాడు.

"అక్కడ చేప పేరు కదండీ రాయాలి?" అంది వకుళ.

"దానికి పేరెక్కడిదే? ఇప్పుడు దిద్దితే, కొట్టివేతలున్నాయని ఫారం తీసుకోరు. పద్నాలుగు రోజులే కదా, సర్దుకో."

సర్దుకోవడం వకుళకి కొత్త కాదు. మోకాళ్లు ముడుచుకుంటే తొట్టె సరిపోయింది. పూటపూటకీ మేత వెయ్యాలనీ, అద్దం తట్టి పిలవకూడదనీ ఉత్తర్వులో ఉంది. పెళ్లయ్యాక ఎవరూ తట్టి లేపని మొదటి వారం అదే. మూడో రోజుకల్లా పైకి తేలి గాలి మింగడం కూడా వచ్చేసింది.

ఆ జాతి పైగాలి పీల్చగలదు గనక, గౌరామి పొయ్యి దగ్గర నిలబడటానికి అభ్యంతరం లేదని ఇన్‌స్పెక్టర్ తవిటయ్య ముందే రాసిచ్చాడు. అది ఐదింటికి పాలు కాచేది. పప్పుకి పోపు పెట్టేది. పెద్ద తొట్టెలో మగచేప జారిన గుడ్డునల్లా నోట కరుచుకుని తిరిగి గూట్లో పెడుతుంటే, జోగారావు ఎదురుగా కుర్చీ వేసుకుని, "తండ్రంటే అలా ఉండాలి," అని ఖాళీ కాఫీ గ్లాసు గౌరామి రెక్కకి అందించేవాడు.

పదో రోజున వకుళ చూసింది. గౌరామి తోక అంచు తెల్లబడింది. పొలుసులు రాలి పొయ్యి గట్టు మీద మెరుస్తున్నాయి. గుడ్లు పెట్టింది అది, పడుకున్నది తను. ఇంకో వారం అలా నిలబెడితే అది బతకదు. ఆ పూట వేసిన మేత వకుళ ముట్టలేదు.

పద్నాలుగో రోజున తవిటయ్య తనిఖీకి వచ్చాడు. విశ్రాంతిలో ఉన్నవారు తిరిగి రావాలంటే, వారు లేక ఇంట్లో వచ్చిన లోటు ఒక్కటైనా యజమాని చెప్పాలి. చెప్పలేకపోతే ఉన్న ఏర్పాటే ఖాయం.

"లోటా?" జోగారావు ఆలోచించాడు. పాపం, నిజాయితీగానే ఆలోచించాడు. "టైముకి టిఫిను, టైముకి భోజనం. ఏం చెప్పనండీ... ఆఁ, గొణుగుడు లేదు."

"అది లోటు కింద రాయమంటారా?"

"అబ్బే, అది సుఖం కదండీ!"

వకుళ రెండు అరచేతులతో అద్దం బాదింది. అది ఎండిపోతోంది, ముందు దాన్ని నీళ్లలో వెయ్యండి, నేను అక్కర్లేకపోయినా సరే, అని గట్టిగా అరిచింది. మాటలన్నీ బుడగలై పైకి పోయాయి.

"మేడంగారు ఏదో అంటున్నట్టున్నారు," అన్నాడు తవిటయ్య.

"బుడగలొస్తున్నాయంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనండీ."

తవిటయ్య 'లోటు: లేదు' అని రాసి ముద్ర వేశాడు. ఈలోగా గౌరామి కాఫీ తెచ్చింది. గ్లాసు అంచుకి పొలుసొకటి అంటుకుని ఉంది. తవిటయ్య దాన్ని చిటికెన వేలితో తీసేసి, ఒక గుక్క తాగాడు.

"మీ ఆవిడ కాఫీ బాగా పెడతారండీ."

"మొదట్నుంచీ అంతే," అన్నాడు జోగారావు.