కదలని సముద్రం

ఆ పొద్దున అనుకున్న పని చిన్నది. మామగారి లెక్క, అల్లుడి లెక్క కలిపి పటం తీయాలి, దాన్ని పట్టుకుని పడవ బయలుదేరాలి. నడిసముద్రంలో లంగరు వేసిన కొలతల పీపా తాడు తెంచుకుని ఎటో కొట్టుకుపోయింది. మామగారి ఏడాది కష్టమంతా దాని పొట్టలోనే ఉంది. పాపం, అప్పటినుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు.

ఇద్దరిదీ ఒకే పరిశోధనాలయం. మామగారు సముద్రపు నీటి ఉప్పూ వేడీ కొలిచి, ఏ పొర ఎటు పారాలో లెక్క కడతారు. అల్లుడు మీటరు దింపి, నీరు నిజంగా ఎటు, ఎంత వేగంగా పోతోందో చూస్తాడు. ఒంటిచేత్తో చప్పట్లు మోగనట్టే, ఏ ఒక్కదానితోనూ పటం తేలదు. అల్లుడు వాతావరణ శాఖ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. పెళ్లీ కొత్తదే.

ఇంట్లో కాఫీల దగ్గర ఇద్దరి కాగితాలూ బల్లమీద పక్కపక్కనే పడ్డాయి. ఆయన బాణాలు ఉత్తరానికి, ఇతనివి దక్షిణానికి. ఇద్దరూ చూశారు, ఇద్దరూ చూడనట్టే కాఫీ తాగారు. కొత్తల్లుణ్ణి తప్పు పట్టడమెలాగని మామగారు ఆఫీసుకు వెళ్లగానే గది తలుపేసుకుని తన బాణాలను దక్షిణానికి తిప్పేశారు. పిల్లనిచ్చిన మామను కాదనడమెలాగని అల్లుడు పక్కగదిలో తనవి ఉత్తరానికి తిప్పాడు.

రెండూ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, పటంలో ఒక్క బాణమూ మిగల్లేదు. ఎవరి దొంగతనం వారికి తెలుసు కనుక ఇద్దరూ కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు.

పడవ కెప్టెన్ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సముద్రం ఆగిపోయిందాండీ?"

"లెక్క ప్రకారం అంతే," అన్నారు మామగారు నీరసంగా.

"అయితే పీపా ఎక్కడికీ పోదు. భోంచేసి వెళతాం."

మధ్యాహ్నం కెప్టెన్ ఫోన్ చేశాడు. భోజనం మధ్యలో పడవకు ఏదో తగిలిందట, చూస్తే పీపా. పీపా తెగిన చోటికి రేవు ఉత్తరానే ఉంది మరి. మామగారికి కళ్లు చెమర్చాయి. అల్లుడికి ముఖం పాలిపోయింది.

"తప్పు నాదేనండీ. మా పాత ఆఫీసులో గాలి ఎటునుంచి వస్తే ఆ దిక్కు రాస్తాం. ఆ అలవాటులో..."

"ఇక్కడ నీరు ఎటు పోతే ఆ దిక్కు రాస్తాం బాబూ. అది సరే, మీ బాణాలు ఉత్తరానికెలా వచ్చాయి?"

"మీవి చూసి తిప్పానండీ. మరి మీవి?"

మామగారు కిటికీలోంచి సముద్రాన్ని శ్రద్ధగా పరిశీలించసాగారు.

ఆ వారం నివేదికలో, పీపాను కనుగొన్న పద్ధతి అన్నచోట కెప్టెన్ "భోజనం" అని రాశాడు.