విప్పకుండా బాగుచేయు విధానం

నా భార్య విమల పోయిన పదకొండో రోజున ఆమె ఫోను కూడా పోయింది. మొదటిదానికి కారణం డాక్టర్లు చెప్పారు. రెండోదానికి కారణం తెలుసుకునే అధికారం ఈ దేశంలో అందరికీ లేదు.

దవాఖానలో చేరేముందు విమల, ఇల్లు నడిపే పద్ధతిని నాకోసం తొమ్మిది రికార్డింగులుగా ఆ ఫోనులో చెప్పిపెట్టింది. నేను నాలుగు విన్నాను. నాలుగోదాని చివర, "బట్టల మిషను సంగతి రేపు వినుండ్రి. అన్నీ ఒక్కసారే వింటే మీకు యాదికుండదు," అంది. ఆగాను. (ముప్పై ఏళ్ల అలవాటు.)

ఫోనును అబిడ్స్‌లో బీరయ్య రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. "విప్పి ఒక్కొక్కటి చూస్తే నెల పడ్తది సారు. కంపెనోళ్ల టూలుంటే అయిదు నిమిషాలు," అన్నాడు. అది తగిలిస్తే ఫోను జబ్బేమిటో అదే చెబుతుందట. కంపెనీ దాన్ని విశాల హృదయంతో అందరికీ ఇస్తోంది, ఒక పరీక్ష పాసైతే చాలు. పరీక్ష అనగానే, ఉపాధ్యాయుణ్ణి కనుక, నాకు ధైర్యం వచ్చింది.

నాంపల్లి పరీక్షా కేంద్రంలో సాధన ప్రాప్తి అధికారి, అంటే టూలు ఎవరికివ్వాలో తేల్చే రత్నాకర్, మర్యాదస్తుడు. (ఆయన గదిలో ఫ్యాను తిరగదు. దాన్ని విప్పే అర్హత ఎవరిదో ఇంకా తేలలేదట.) ప్రశ్న ఒక్కటే: ఫోను పనిచేయకపోతే ముందుగా ఏం చేయాలి? బీరయ్య 'విప్పి చూడాలె' అని రాసి తప్పాడు. సరైన జవాబు, కొత్తది కొనమని సలహా ఇవ్వాలి. వారం రోజులు స్టూలు మీద కూర్చోబెట్టి వల్లె వేయించాను. మళ్లీ తప్పాడు.

"గట్ల రాయనీకి చెయ్యి రాలే సారు," అన్నాడు తల వంచుకుని.

మూడోసారి కళ్లు మూసుకుని రాసి పాసయ్యాడు. టూలు వచ్చింది. ఫోనుకు తగిలించాం. అది అయిదు నిమిషాలు ఆలోచించి, కొత్తది కొనమని సలహా ఇచ్చింది.

"పోనీ, విప్పు," అన్నాను.

"ఇప్పుడెట్ల సారు? సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు విప్పనని సంతకం తీసుకున్నరు."

చుట్టుపక్కల దుకాణాలవాళ్లు ఎప్పుడో పాసైనవాళ్లే. వాళ్లూ విప్పరు.

రత్నాకర్ గారే దారి చూపించారు. సర్టిఫికెట్ రద్దు కావాలంటే అదే పరీక్ష తప్పాలి. అది రెండు నెలల తర్వాత. ఈసారి బీరయ్యకు నేను నేర్పాల్సింది లేదు, తనకు తెలిసింది రాస్తే చాలు. కానీ నేను చెప్పిన జవాబు మర్చిపోలేకపోతున్నానని భయపడుతున్నాడు. (నా విద్యార్థుల్లో ఇంతవరకు ఎవరూ ఈ మాట అనలేదు.)

ఐదో రికార్డింగు వినలేదు. బట్టలు ఉతకలేదు.