జాక్‌హామర్‌కు ఆముదం

ఆ రోజు పొద్దున సుబ్బరావమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. బావి దగ్గరున్న కంప్రెసర్ ట్రాక్టరు వెళ్ళిపోకుండా ఇంకొక్క రోజు ఆగాలి. ఆగితే పప్పులో దోసకాయ వేసి, గోంగూర నూరి, ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి అన్నం పెట్టవచ్చు. ఆగకపోతే తనొక్కతే తినాలి. ఒక్కతే తినేటప్పుడు ఆమె గోంగూర నూరదు. మజ్జిగలో ఇంత ఉప్పు వేసుకుని, నాలుగు ముద్దలు మింగి, కంచం కడిగి బోర్లిస్తుంది. ఆ కంచం చప్పుడే ఆ ఇంట్లో పెద్ద చప్పుడు.

ఇల్లు ఊరికి దూరంగా మిరపచేల మధ్య ఉంది. ఇంటి పక్కన గట్టు. గట్టుకు అవతలి పొలం చెక్క మరిది యలమందయ్యది. బావి సరిగ్గా గట్టు మీద పడింది. భర్త పోయిన ఏడే ఆ బావి కూడా ఎండింది. ఇద్దరం కలిసి లోతు చేయిద్దామని సుబ్బరావమ్మ అడిగితే, ఆ బావితో తనకు సంబంధమే లేదని యలమందయ్య పెద్దమనుషుల ముందు తేల్చేశాడు. వాగులో ఇంజను పెట్టుకుని నీళ్ళు తోడుకునేవాడికి బావితో పనేముంది? ఆ మాట మీద రెండిళ్ళ మధ్యా మాటలు పోయాయి. తోడికోడలు కోటేశ్వరమ్మ గట్టు దాటడం మానేసింది. పిల్లలను కూడా దాటనివ్వలేదు. అవతలి చేలో వాళ్ళు నవ్వుకోవడం గాలివాటుగా వినపడేది కానీ, దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు.

ఈ ఎండాకాలం ఆమె ఎలాగో తంటాలు పడి కంప్రెసర్‌ను పిలిపించుకుంది. ట్రాక్టరు వెనక పెద్ద గాలి యంత్రం, దాన్నుంచి బావిలోకి పొడుగాటి గొట్టం, గొట్టం చివర రాతిలో బెజ్జాలు వేసే జాక్‌హామర్. పైన యంత్రం నడిపేది జక్రయ్య, లోపల దిగి హామర్ పట్టుకునేది వేటపాలెం ఉస్మాన్. బెజ్జాల్లో మందు కూరి పేల్చి, రాయి తోడిపోసి, మళ్ళీ బెజ్జాలు వేస్తారు. ఆ రొదకు చెవులు పోతున్నాయని చుట్టుపక్కల చేలవాళ్ళు తిట్టుకున్నారు. సుబ్బరావమ్మకు మాత్రం ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టుంది. పొద్దుటే "కాఫీ ఉందా అక్కా" అంటూ ఉస్మాన్ వస్తే, ఆ మాట కోసం ఆమె అంతకు ముందే రెండుసార్లు వాకిలి ఊడ్చి ఉండేది.

ముందురోజు సాయంత్రం జక్రయ్య చల్లగా ఒక మాట చెప్పాడు. "నూనె అయిపోయిందమ్మా. రేపు బండి కట్టేసి పేట పోయి కొనుక్కోవాల. అటునుంచి అటే బాపయ్యగారి బావికి పోతాం. మీ బావికి ఆఖరి వరస బెజ్జాలు మళ్ళీ ఇటేపు వచ్చినప్పుడు చూద్దాం."

గాలి గొట్టం మధ్యలో చెంబంత ఇనప బుడ్డి ఒకటుంది. అందులో నూనె పోస్తే, దారిన పోయే గాలి ఆ నూనెను కొంచెం కొంచెంగా తనతో పట్టుకెళ్ళి హామర్ లోపల పూస్తుంది. ఎంత పట్టుకెళ్ళాలో బుడ్డికున్న స్క్రూ నిర్ణయిస్తుంది. నూనె లేకుండా నడిపితే ఇనుమును ఇనుమే తినేస్తుంది. ఇదంతా జక్రయ్య ఆమెకు అన్నం తింటూ ఒకసారి చెప్పాడు. ఊళ్ళో ఇంజన్లున్న వాళ్ళెవరినైనా ఇంత నూనె అడిగి చూడమని జక్రయ్య ఉస్మాన్‌కు చెబుతూ ఉండగా, పడుకోవడానికి ఇద్దరూ ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

సుబ్బరావమ్మ హామర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసి చూసింది. చెయ్యి చురుక్కుమంది. సాయంత్రమంతా అది గొంతు తడారినట్టు కీచుమని అరవడం ఆమె విన్నదే. ఒళ్ళు వేడి చేస్తే మనిషైనా అలాగే అరుస్తాడు. వేడికి మందేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంట్లో జాడీ నిండా ఆముదం ఉంది. తనే ఆముదాలు వేయించి, దంచి, కాచి, తేర్చి, మెంతులు వేసిన ఆముదం. పెట్టడానికి తలలు లేక జాడీ అలా నిండుగానే ఉండిపోయింది.

తెల్లవారుతూనే ఆమె బుడ్డి మూత తీసింది. రోజూ జక్రయ్య ఎలా పోస్తాడో చూస్తూనే ఉంది గనుక ఒక్క చుక్క కూడా ఒలకకుండా పోసి, మూత బిగించి, కొంగుతో తుడిచి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి దోసకాయ చెక్కు తీస్తూ కూర్చుంది.

జక్రయ్య వచ్చి బుడ్డి చూశాడు. నిండుగా ఉంది. ఉస్మాన్ ఎక్కడో సంపాదించాడనుకున్నాడు. యంత్రం మోగడం విని, నూనె జక్రయ్యే తెచ్చాడనుకుని ఉస్మాన్ బావిలోకి దిగాడు. ఒకరినొకరు అడుగుదామంటే అప్పటికే ఆ రొదలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఆ రోజు వెళ్ళవలసిన బండి ఆగిపోయింది. సుబ్బరావమ్మ గోంగూరకు రోలు కడుక్కుంది.

పొద్దుటి చల్లదనానికి ఆముదం చిక్కగా ఉండి బుడ్డిలోంచి కదల్లేదు. హామర్ ముసలాడు దగ్గినట్టు ఆగి ఆగి కొట్టింది. ఉస్మాన్ కిందనుంచి చేతులు ఊపితే, జక్రయ్య స్క్రూ ఒక చుట్టు తిప్పాడు. చాలలేదు. ఇంకో చుట్టు తిప్పాడు. చివరకు విసుగుపుట్టి మొత్తం తెరిచేసి, చెట్టు నీడన తువాలు పరుచుకున్నాడు.

ఎండ ఎక్కింది. గొట్టం కాలింది. బుడ్డి కాలింది. అప్పటిదాకా బెల్లప్పాకంలా బిగుసుకున్న ఆముదం నీళ్ళలా పలచబడి, గాలితో కలిసి ఒక్కసారిగా బావిలోకి దిగింది. హామర్ ఊపిరి వదిలినప్పుడల్లా మంచులా ఆముదం కురిసింది. అది రాళ్ళ మీద, నిచ్చెన మీద, ఉస్మాన్ మీద, అడుగున ఊరిన కాసిని నీళ్ళ మీద పడింది. మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చిన ఉస్మాన్, నలుగు పెట్టి స్నానం చేయించడం మరిచిపోయిన పెళ్ళికొడుకులా మెరుస్తున్నాడు.

"ఈ బావిలో గాలిక్కూడా జిడ్డుందక్కా" అన్నాడు వాడు, మీసం తుడుచుకుంటూ.

అప్పుడే చెప్పేయవలసింది. కానీ చెబితే జక్రయ్య యంత్రం ఆపేసి, బండి కట్టేస్తాడు. అన్నం తిన్నాక చెబుదామని సుబ్బరావమ్మ విస్తళ్ళు వేయబోయింది. ఆ కాస్త ఆలస్యంలోనే యలమందయ్య గట్టు మీదికి వచ్చాడు.

బావితో సంబంధం లేకపోయినా ఆయన రోజూ వచ్చి అందులోకి తొంగి చూసి పోతూనే ఉన్నాడు. ఆ వేళ తొంగి చూస్తే అడుగున నీళ్ళ మీద నెమలి పింఛం పరిచినట్టు రంగులు కదులుతున్నాయి. గోదావరి వైపు భూమిలో చమురు పడిందని రేడియోలో వింటూనే ఉన్నాడాయన. వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, తర్వాత చెప్పులు అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాడు.

ఊళ్ళో నూనెల విషయం ఏదైనా బుల్లయ్య తేల్చాలి. రేషను కిరసనాయిలు పోసేది ఆయనే. బుల్లయ్య వెనక ఊరు సగం కదిలింది. బావిలోంచి ఒక బకెట్టు నీళ్ళు తోడారు. బుల్లయ్య వేలు ముంచి, ఎండకు పట్టి చూసి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. పక్కనే కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి గనుక ముందు రెండుసార్లు తుమ్మాడు. తర్వాత, ఇది చమురేనన్నాడు.

జనం చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగారు. ఒకామె సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుని, ఇంత చిక్కిపోయావేమని అడిగింది. సుబ్బరావమ్మ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమెను ఏదో ఒకటి అడుగుతున్నారు. కొన్నేళ్ళుగా ఎవరూ అడగనివన్నీ ఒక్క పూటలో అడుగుతున్నారు. ఆముదం మాట చెప్పడానికి సందు దొరకలేదు. ఇంతలో యలమందయ్య ఆమె ఎదుట నిలబడ్డాడు.

"వదినా, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు.

అన్నేళ్ళ తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. ఆమె చెంబు నిండా ముంచి ఇచ్చింది. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఆయన ఒక తాడు తెప్పించి గట్టు మీద పరిపించాడు. తాడు బావి నడిమధ్యగా వెళ్ళింది. "అందరూ చూడండి. ఈ బావిలో సగం నాది. మా నాయన తవ్వించిన బావి ఇది. రేపు ఎవురొచ్చినా ఇదే మాట. బుల్లయ్యా, నువ్వే సాక్షి."

సాక్షి పని మీద పడ్డాక బుల్లయ్య మరింత బరువెక్కాడు. చమురున్న చోట నిప్పు పనికిరాదని చెప్పి, బీడీలు ఆర్పించాడు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలో నీళ్ళు కుమ్మరించాడు. దోసకాయ పప్పు సగం ఉడికి ఆగిపోయింది. కంప్రెసర్ ముట్టుకోవద్దని జక్రయ్య దగ్గర తాళంచెవి లాక్కున్నాడు. తాసిల్దారుగారికి కబురు చెప్పడానికి ఒకడు సైకిలెక్కి పేట వెళ్ళాడు. చమురు పడిన నేల ఇక గవర్నమెంటుదేనని, చేలూ ఇళ్ళూ ఖాళీ చేయిస్తారని, ఆ పైన పరిహారం ఇస్తారని బుల్లయ్య అరుగు మీదనుంచి వివరించాడు.

ఇల్లు ఖాళీ చేయడమన్న మాట చెవిన పడ్డాక సుబ్బరావమ్మకు ఇక ఆగడానికి వీల్లేకపోయింది. ఇంతమంది మళ్ళీ ఈ అరుగు మీద కూర్చోరని తెలుసు. అయినా నోరు తెరిచింది.

"అది ఆముదం, బుల్లయ్యా."

బుల్లయ్య జాలిగా చూశాడు. "ఆముదం వాసనే వచ్చుద్దమ్మా. శుద్ధి చెయ్యకముందు ఏ నూనైనా అంతే. కిరసనాయిలు కూడా పుట్టినప్పుడు ఇట్టాగే ఉంటది."

"నేనే పోశానయ్యా. మా ఇంట్లోది."

ఆ సంగతి తర్వాత మాట్లాడదామని ఆయన తల పక్కకు తిప్పాడు. ఆమె ఇంకొకరితో చెప్పింది. వాళ్ళు నవ్వి, పరిహారం వస్తుందిలే, దిగులు పడకమన్నారు. వాకిలి నిండా మనుషులున్నారు. ఆమె చెప్పే ఒక్క మాట వినేవాళ్ళు లేరు. ఖాళీ ఇంట్లో గోడలతో చెప్పుకోవడం ఇంతకంటే నయమనిపించింది. స్తంభాన్ని ఆనుకుని నిలబడిపోయింది.

కోటేశ్వరమ్మ అందరికంటే వెనక వచ్చింది. వచ్చి కూడా గట్టు దాటకుండా అవతలే నిలబడింది. బకెట్టు చేతులు మారి మారి ఆమె దాకా వెళ్ళింది. ఆమె వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వేలు అక్కడే ఉంచింది.

తర్వాత గట్టు దాటింది.

"ఇది భూమిలోంచి వచ్చింది కాదు. మా అక్క పొయ్యి మీంచి వచ్చింది. మెంతులు కాస్త మాడ్చింది కూడా" అంది. బుల్లయ్య ఏదో అనబోతే ఆమె అననివ్వలేదు. "నా పిల్లలిద్దరి మాడులూ ఈ ఆముదంతోనే పూడినయ్యి. నాకు తెలీదా? కావాలంటే నువ్వూ ఇంత తాగి పడుకో. భూమిలోదో కాదో పొద్దున్నకల్లా నీకే తెలుసుద్ది."

జనం నవ్వబోయి, బుల్లయ్య ముఖం చూసి ఆగారు. కోటేశ్వరమ్మ సుబ్బరావమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"బుద్ధుండే చేశావా ఈ పని?"

"అది వేడి చేసి అరుస్తంది. పైగా నూనె లేదు, పోతామన్నారు."

"పోతే పోనీ."

"పోతే మళ్ళీ చప్పుడుండదుగా, కోటమ్మా."

కోటేశ్వరమ్మ పైట చెంగుతో వేలు తుడుచుకుంది. ఎంత తుడిచినా ఆముదం అంత తొందరగా పోదు.

జనం పలచబడ్డారు. వచ్చేటప్పుడు పరుగున వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఎవరి చెప్పులు ఎవరివో వెతుక్కుంటూ మెల్లగా వెళ్ళారు. సుబ్బరావమ్మ వాళ్ళ వీపులు చూస్తూ నిలబడింది. సైకిలు మీద వెళ్ళినవాడు దారిలో మ్యాట్నీకి దిగిపోయాడు గనుక గవర్నమెంటుకు ఏమీ తెలియలేదు. బుల్లయ్య తాళంచెవి జక్రయ్య చేతిలో పెట్టి, తను మొదటే అనుమానించానన్నాడు. యలమందయ్య తాడు చుట్టుకుంటూ, ఎవరి వంకా చూడకుండా ఒక మాట అన్నాడు: అసలు ఈ బావితో తనకేం సంబంధం లేదట.

"సగం మనదన్నావు" అంది కోటేశ్వరమ్మ. "ఊరంతా విన్నది. బుల్లయ్య సాక్షి. దిగు."

ఆయన దిగాడు. చెంబుతో నీళ్ళ మీది ఆముదం తీసి బకెట్టులో పోస్తుంటే, పైనుంచి ఉస్మాన్ ఇంకా మూలన ఉంది, ఇటు రండి, అటు రండి అని చూపించాడు. జక్రయ్య హామర్ విప్పి బుల్లయ్య దగ్గర తెచ్చిన కిరసనాయిలుతో కడిగి, బాపయ్య ఇంజను దగ్గర అడిగి తెచ్చిన అసలు నూనె బుడ్డిలో పోశాడు. మర్నాడు ఆఖరి వరస బెజ్జాలు వేసి మందు పేల్చారు. తూర్పు మూలన ఊట పడింది. సాయంత్రానికి మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కాస్త జిడ్డుగా ఉన్నా నీళ్ళే.

ఆ మర్నాడు కంప్రెసర్ వెళ్ళిపోయింది. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా సుబ్బరావమ్మ వాకిట్లోనే ఉంది. ఉస్మాన్ చెయ్యి ఊపాడు. ఆ తర్వాత చేల మీద నిశ్శబ్దం ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగలో ఉప్పు వేసుకుంది.

ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా గట్టు దాటి బిందె వచ్చింది. బిందెతో కోటేశ్వరమ్మ. సగం బావి తమదైనప్పుడు వాగు నీళ్ళెందుకు తాగాలని అడుగుతూనే వచ్చింది. బిందె దించి, అరుగు మీద చతికిలబడి, బావి తగాదాలో సుబ్బరావమ్మ అన్న మాటలు, అనని మాటలు, అనవలసి ఉండి కూడా అనకుండా ముఖం తిప్పుకున్న తీరు మొదట్నుంచీ ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది. అన్నీ నిష్ఠూరాలే. మధ్యలో ఊపిరి తీసుకోవడానికైనా ఆగలేదు. సుబ్బరావమ్మ మజ్జిగ గిన్నె పక్కకు నెట్టి, లేచి గోంగూర నూరింది. ఇద్దరూ తిన్నారు. చేతులు కడుక్కున్నాక కోటేశ్వరమ్మ వదిలిన చోటునుంచే మళ్ళీ అందుకుంది. పొద్దువాలేదాకా వింటూ కూర్చున్న సుబ్బరావమ్మకు ఒక సంగతి తెలిసివచ్చింది.

కొన్ని యంత్రాలకు నూనె అసలు అక్కర్లేదు.