నోలీన్ వద్దన్న పొయ్యి

గురువారం పొద్దున, టపానుయి ఊళ్ళో గడ్డి మీద మంచు ఇంకా కరగకముందే, నోలీన్ మక్‌లీష్ ఆ రోజు పనులన్నీ వరసగా అనుకుంది. పదింటికి బయల్దేరి దగ్గరి పట్నం గోర్‌లో తన పీల్చే మందు తెచ్చుకోవాలి. పన్నెండున్నరకల్లా ఇల్లు చేరాలి. ఒంటిగంటకు తనిఖీకి వచ్చే అమ్మాయికి ముందు గదిలో ఇంటిని వెచ్చబెట్టే, ఇప్పుడు చచ్చి చల్లబడ్డ కట్టెల పొయ్యిని చూపించాలి. అంతే. ఇందులో తప్పటడుగు పడే చోటే లేదు.

పోయిన చలికాలంలో నోలీన్ నిమ్ముతో రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. మూడోసారి వస్తే తాను మాట ఇవ్వలేనని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మొగుడు డెస్‌కు భుజం ఆపరేషన్ అయినప్పటి నుంచి కట్టెలు చీల్చే పని కూడా ఆమె నెత్తినే పడింది. ఇంతలో, పాత పొయ్యిల బదులు గోడకు హీట్ పంప్ పెట్టుకునేవారికి సర్కారు చాలావరకు ఖర్చు భరిస్తుందని తెలిసింది. మీట నొక్కితే చాలు, వెచ్చటి గాలి. ఒకటే మెలిక. ముందు గదిలో పనిచేసే పొయ్యి ఉంటే ఇవ్వరు.

అదృష్టం కొద్దీ, మా వైపు చలి మొదలయ్యే ఏప్రిల్‌లోనే వాళ్ళ పొయ్యి వెనక పలక నిలువునా పగిలింది. ఏటా ఇలాంటి పగుళ్ళకు డెస్ సిమెంటు పూసేవాడు. ఈ ఏడు ఆ సిమెంటు డబ్బాను నోలీన్ అల్లిక ఊలు బుట్ట అడుగున దాచేసింది. దీన్ని మోసం అనడానికి వీల్లేదు. పొయ్యి తనంతట తానే పగిలింది. ఆమె చేసిందల్లా దాని ఖర్మకు దాన్ని వదిలెయ్యడమే.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా సాయం చేస్తామంటే మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దన్నారంటే ఇబ్బందిలో ఉన్నారని అర్థం. మూడోసారి కూడా వద్దన్నారంటే పాపం పీకల్లోతు మునిగారని, ఇక అడగడం మాని వెళ్ళి చేసెయ్యాలని లెక్క. గుండెపోటు వచ్చి కింద పడ్డవాడు కూడా అంబులెన్సు వాళ్ళతో మీకెందుకు శ్రమ అనే ఊరు మాది.

బుధవారం మాంసం కొట్లో బర్ట్, మీ పొగగొట్టంలోంచి పొగ రావట్లేదేమిటని అడిగాడు. పొయ్యి పోయింది, ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు అంది నోలీన్. సర్కారు ముందు చెయ్యి చాచిన సంగతి ఊరికి తెలియడం ఆమెకు ఇష్టం లేదు. వెనకే వరసలో నిలబడ్డ హెక్ డియెల్ చెవులు నిక్కించాడు. ముప్ఫయ్యేళ్ళు కలప కోతమిల్లులో వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. చేతులు ఖాళీగా ఉంటే ఆయనకు నిద్ర పట్టదు.

"వచ్చి ఓసారి చూడమంటావా?" అన్నాడు.

"వద్దు హెక్."

"అరగంట పనేగా తల్లీ."

"వద్దన్నానా!"

గుమ్మం దాకా వెంటపడి మళ్ళీ అడిగాడు. "నీకు పుణ్యముంటుంది, వద్దు," అంది నోలీన్. వీధి గాలికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెక్ ఆ నీళ్ళు చూశాడు. ఇక చెప్పేదేముంది.

గురువారం కారు తీస్తూ నోలీన్ మొగుడికి మరీ మరీ చెప్పింది. ఎవరొచ్చినా వద్దనాలి, పొయ్యి మీద చెయ్యి పడనివ్వకూడదు. డెస్ పెళ్ళాం మాట జవదాటే రకం కాదు. పదిన్నరకు హెక్, కొట్టుకు 'ఇప్పుడే వస్తా' బోర్డు తగిలించిన బర్ట్, పక్కింటి నైరీ ముగ్గురూ దిగితే తలుపు తీసి వద్దన్నాడు. కానీ అంత చలిలో మనుషుల్ని గుమ్మంలో నిలబెట్టలేక లోపలికి పిలిచాడు. లోపలికి వచ్చారు కాబట్టి టీకి నీళ్ళు పెట్టాడు. టీ పెట్టాడు కాబట్టి రొట్టెలో చీజ్ చుట్టి చీజ్ రోల్స్ కాల్చాడు. వద్దంటూ చీజ్ రోల్స్ పెట్టడమంటే మా ఊళ్ళో కాగితం మీద సంతకం చేసినట్టే.

హెక్ పగులులో వేలు దూర్చి చూసి, ఇది బాగుపడే కేసు కాదన్నాడు. నోలీన్ అదృష్టం అక్కడితో ఆగినా బాగుండేది. హెక్ షెడ్డులో, వాళ్ళ చెల్లెలి ఇంట్లోంచి ఊడదీసిన పొయ్యి ఒకటి ఏడేళ్ళుగా ఊరికే పడుంది. గంటలో అది వచ్చింది. పాతది పెరట్లోకి పోయింది. నైరీ ట్రెయిలర్ నిండా ఎండుకట్టెలు తెచ్చింది. బర్ట్ కప్పెక్కి పొగగొట్టం బిగించాడు. కింద నిచ్చెన పట్టుకున్న డెస్ మాత్రం ఇచ్చిన మాట తప్పకుండా చివరిదాకా "వద్దురా, వద్దురా" అంటూనే ఉన్నాడు.

తిరిగొస్తూ ఊరి మొదట్లో నోలీన్ ఓ పొగగొట్టంలోంచి పుష్కలంగా పొగ రావడం చూసింది. ఎవరో వెచ్చగా ఉన్నారు, అదృష్టవంతులు అనుకుంది. ఇంకాస్త దగ్గరికొచ్చాక అది తన ఇల్లేనని గుర్తుపట్టింది.

లోపల పొయ్యి భగభగ మండుతోంది. మసి పట్టిన మొహాలతో ముగ్గురూ బహుమతి కోసం చూసే బడిపిల్లల్లా నిలబడ్డారు. నోలీన్ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఎంత సంతోషమో పాపం అంది నైరీ. ముగ్గురి పీకలూ ఒక్కొక్కటిగా నులిమెయ్యాలనిపించింది నోలీన్‌కు. ఇంత మంచి ఇరుగుపొరుగు ఎవరికీ ఉండరని కూడా ఆమెకు తెలుసు. అది తెలిసే కొద్దీ ఒళ్ళు మరింత మండింది. దీన్ని తీసెయ్యండి బాబూ అంటే, మళ్ళీ మొదలెట్టింది అని నవ్వారు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అమ్మాయి సినా వచ్చింది. గడప దాటగానే కోటు విప్పింది, రెండో అడుగులో స్వెట్టరు కూడా విప్పింది. "ఇంత చక్కటి పొయ్యి పెట్టుకుని హీట్ పంప్ కోసం సర్కారుకు రాశారేమిటండీ?" అంది.

 హెక్ మొహం ఎర్రబడింది.

"మేముండగా సర్కారును అడుక్కునే గతి పట్టిందా నీకు?" అన్నాడు.

"నీకు మూడుసార్లు వద్దని చెప్పాను కదయ్యా!"

"అందుకేగా వచ్చాం," అన్నాడు హెక్.

సినా తన టాబ్లెట్ మీద ఏదో నొక్కి, పొయ్యి ఎప్పుడు పెట్టారని అడిగింది. పన్నెండింటికని బర్ట్ గర్వంగా చెప్పాడు. కొత్త పొయ్యి పెట్టాలంటే స్థానిక కౌన్సిల్ అనుమతి ఉండాలంటూ, ఆ కాగితం చూపించమంది. ముగ్గురూ మిగిలిన చీజ్ రోల్స్ వైపు చూశారు. అనుమతి లేని పొయ్యిని వెలిగించకూడదని, అది ఉన్నా లేనట్టేనని, పాతది పెరట్లో ముక్కలై పడుంది కాబట్టి కాగితాల ప్రకారం ఈ ఇంట్లో వెచ్చదనమే లేదని సినా చెమట తుడుచుకుంటూ చెప్పింది. నోలీన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కాగితమేగా!" అన్నాడు హెక్. "మా మేనల్లుడు కౌన్సిల్లోనే ఉన్నాడు. సోమవారానికల్లా తెప్పిస్తా. ఏమంటావ్ నోలీన్?"

వద్దనడానికి నోలీన్ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఆగింది. ఇప్పుడు వద్దంటే సోమవారం కాగితం రావడం ఖాయం. ఆమె ఊపిరి తీసుకుని, ఈ ఊళ్ళో అరవై ఎనిమిదేళ్ళుగా అనని మాట అంది.

"అలాగే హెక్. తప్పకుండా తెప్పించు."

నైరీ తాగుతున్న టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"కట్టెలు కూడా నువ్వే వారం వారం వచ్చి చీల్చాలి," అంది నోలీన్. "బర్ట్, రోజూ పొద్దున బూడిద నువ్వెత్తు. నైరీ, ఎలాగూ వస్తావు కాబట్టి ఆ కిటికీలు తుడిచి, నా బట్టలు కూడా ఉతికి పెట్టు. నాకు అన్నీ కావాలి."

ఇంత నిస్సిగ్గుగా అవుననే మనిషిని వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బర్ట్‌కు కొట్టు గుర్తొచ్చింది. నైరీకి పొయ్యి మీద పెట్టొచ్చిన సూపు గుర్తొచ్చింది. మేనల్లుడు కౌన్సిల్లోనే గానీ లైబ్రరీ చూసుకుంటాడని హెక్‌కు గుర్తొచ్చింది. చల్లారాక వచ్చి పొయ్యి పట్టుకుపోతానని గొణిగాడు. అయిదు నిమిషాల్లో ఇల్లు ఖాళీ. వాళ్ళు అటు వెళ్ళగానే నోలీన్‌కు మనసు చివుక్కుమంది. ఆదివారం ముగ్గురికీ కేకు చేసి పంపాలనుకుంది.

సినా బల్ల దగ్గర కూర్చుని చకచకా గడులు నింపింది. ఇంకొకటే ప్రశ్న ఉందని, దీనికి మాత్రం ఇంటివాళ్ళే నోటితో జవాబు చెప్పాలని అంది.

"ఈ ఇంటికి హీట్ పంప్ పెట్టించమంటారా అమ్మా?"

ఏప్రిల్ నుంచీ నోలీన్ ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే. ఆ గాలి ఎంత వెచ్చగా ఉంటుందో తలుచుకుంటూ ఎన్ని రాత్రులు దగ్గిందో ఆమెకే తెలుసు. ఆమె నిటారుగా కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, నోరు విప్పింది.

"వద్దులేమ్మా, మీకెందుకంత శ్రమ," అంది.

డెస్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

సినా పెరిగింది పక్క ఊరు హెరియట్‌లోనే కాబట్టి, తల ఎత్తకుండా 'అవును' అన్న గడిలో టిక్కు పెట్టుకుంది.