సౌండు పెట్టె సాక్ష్యం

ఆ ఆదివారం పొద్దున ఆల్టన్ టిబ్స్ వేసుకున్న పథకం చిన్నదే. ఆరాధన మొదలయ్యేలోపు పెట్టె చర్చిలోకి చేరాలి, ముగియగానే క్లబ్బుకు తిరిగిపోవాలి. ఎక్కడిదని మధ్యలో ఎవరూ అడగకూడదు.

చర్చి ఆర్గన్‌కున్న సౌండు పెట్టె శుక్రవారం మూగబోయింది. శనివారాలు తాను జాజ్ వాయించే క్లబ్బు నుంచి బీరువా అంత పెట్టెను, డ్రమ్ములు వాయించే క్లైడ్ సాయంతో మోసుకొచ్చాడు. ఫిలడెల్ఫియాలో రాత్రి బారుకూ పొద్దున దేవుడికీ వాయించేవాళ్లు కొల్లలు. ఈ చర్చిలో మాత్రం ఆ సంగతి పొక్కితే కొలువు పోయినట్టే. వాళ్లమ్మ వేళ్లు వంకర్లు పోయేదాకా ఇరవై ఆరేళ్లు వాయించి కొడుక్కి అప్పగించిన ఆర్గన్ అది. పోగొట్టుకుని ఆమె ముఖం ఎలా చూడగలడు?

పెట్టె వెనక రాసున్న క్లబ్బు పేరు మీద గాయకుల అంగీ కప్పాడు. దాన్ని మళ్లీ మళ్లీ సర్దాడు.

"ఎందుకురా అంత భయం? పెట్టెకేమన్నా నోరుందా?" అన్నాడు క్లైడ్.

"నోరే కదరా దాని పని!"

పాస్టర్ మేఫీల్డ్ గారు ప్రసంగం ఎత్తుకున్నారు. ఆయన మాట ఆపినప్పుడల్లా ఆర్గన్ జవాబుగా పలకాలి, అది ఆనవాయితీ. పెట్టె వేడెక్కింది. దాని చెక్కలో ఏళ్లుగా ఇంకిన సిగరెట్టు పొగ, ఒలికిన విస్కీ, లోపల శబ్దాన్ని చిమ్ముతూ గిర్రున తిరిగే బాకా గాలికి చర్చంతా పరుచుకున్నాయి. ముందు వరసలో తెల్ల టోపీ ఓడెస్సా అమ్మగారు ముక్కు ఎగబీల్చారు. ఇదివరకు ఇద్దరు ఆర్గనిస్టులను సాగనంపింది ఆవిడే.

దానికి తోడు ఆనాటి ప్రసంగం నరకం గురించి.

"ఆ పొగ వాసన తగలడం లేదా మీకు?" అని పాస్టర్ గారు గర్జించారు.

చర్చంతటికీ తగిలింది. సంఘ పెద్ద డీకన్ రాయిస్టర్ తన కోటు వాసన చూసుకుని లేచి నిలబడ్డాడు.

"వాసన నాదే పాస్టరయ్యా! రాత్రి క్లబ్బులో ఉన్నాను!"

"నేనూ ఉన్నానయ్యా, ఆయన పక్క టేబులే!" అంది తెల్ల చేతితొడుగుల వెర్లీన్.

అలా మొత్తం పదకొండు మంది తామూ ఉన్నామంటూ ఏడుస్తూ ముందుకొచ్చారు.

"అక్కడ ఆర్గన్ వాయించేది ఎవరనుకున్నారు, మన..." అని డీకన్ నోరు తెరవగానే, ఆల్టన్ రెండు చేతులూ రెండు కాళ్లూ ఆర్గన్ మీద వేసేశాడు. చర్చి దద్దరిల్లింది. పరిశుద్ధాత్మ దిగిందని జనం కేకలు పెట్టారు. ఆ అదురుకు అంగీ జారి కిందపడింది.

ఓడెస్సా అమ్మగారు కర్ర పొడుచుకుంటూ పెట్టె వెనక్కి వెళ్లారు. పేరు చదివారు. ఆల్టన్ కళ్లు మూసుకున్నాడు. అంగీ తిరిగి కప్పుతున్న చప్పుడైంది.

"క్లబ్బులో మంగళవారం మధ్యాహ్నాలు ఈ కింది స్వరం ఇలా గరగరలాడేది కాదు. బాగుచేయించు నాయనా," అని చెవిలో అని, వెళ్లి కూర్చున్నారు ఆవిడ.

"ఇంతమంది ఒక్కరోజే మారి రక్షింపబడడం నా జన్మలో చూడలేదు. ఆ పెట్టె ఇక్కడే ఉండనీ బ్రదర్," అన్నారు పాస్టర్ గారు.

మరుసటి శనివారం క్లబ్బులో పదకొండు కుర్చీలు ఖాళీ.

"ఇక వచ్చే వారం నుంచి రావద్దులే. పెట్టె సంగతి తర్వాత, ముందు నా గిరాకీని ఏం చేశావయ్యా?" అన్నాడు యజమాని.

"రక్షింపబడ్డారండీ," అన్నాడు ఆల్టన్.